నకలు లేని యిల్లు

మన మెట్టసీమ రైతు కళ్ళమునుండి వేరుసెనగ కాయలు ఇల్లు చేరగానే మొదట చేయు పని యేమి? అమ్మకమునకు గాదు, అప్పులవానికి గాదు, వచ్చు ఏటి విత్తనమునకు ముందుగా కొన్ని సంచులు వేఱుగా కట్టి, ఎలుక చేరని చోట దాచును. వలిచిన గింజ త్వరగా చెడునని యెఱిగినవాడు గనుక కాయగానే యుంచి, విత్తుటకు ముందు మాత్రమే వలుచును. మన తాతలు జొన్నలను పాతరలో పోసి పైన మన్ను కప్పిరి. ఇంటిలోని గాదెకు చేటు మూడినను నేలలోని పాతర మిగులునని వారి యెఱుక. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ పీఠభూమియందు ఒక్క గాదెను నమ్మి బ్రదుకరాదని మనవారికి కఱవే బోధించినది. ఏరువాక వేళకు సబ్సిడీ విత్తనముల వరుసలో నిలుచున్న రైతును చూచి కొందఱు పట్టణవాసులు నవ్వుదురు. వానికి ముందుచూపు లేక కాదు. వరుస కఱవులు వాని విత్తనమును గూడ మ్రింగినవి.

నవ్విన పట్టణవాసి సంగతి వేఱు. అతని విత్తనమును ఏ కఱవును మ్రింగలేదు. అతడే దానిని కాపాడుకొనుట లేదు. అనంతపురము, హిందూపురము, ధర్మవరము, తాడిపత్రి, గుంతకల్లు, ఏ పట్టణము చూచినను చదువుకొన్నవారి యిండ్లలో కంప్యూటరున్నది. అందులో నేమున్నది? పొలము పాసుపుస్తకపు నకలు, అడంగలు, 1-బి పత్రములు, పిల్లల పట్టములు, దస్తావేజులు, పెండ్లి ఛాయాచిత్రములు, బెంగుళూరికి వలసపోయిన కొడుకు పంపిన చిత్రములు, కీర్తిశేషుడైన తండ్రి కంఠధ్వని. ఒక సంసారపు జ్ఞాపకమంతయు అఱచేతి వెడల్పుగల ఒక్క డిస్కు మీద నున్నది. ‘రెండవ నకలెక్కడ?’ అని యడుగుడు. కొందఱు నవ్వి యూరకుందురు. కొందఱు జేబులోనుండి ఒక పెన్ డ్రైవు తీసి చూపుదురు. నవ్వినవారికంటె చూపినవారిని గూర్చియే మాకు భయమెక్కువ.

పరులను నిందించుటకు ముందు మా తప్పు మేము చెప్పుకొందుము. కొన్నియేండ్లు మేము పల్లెలు తిరిగి, చెఱువు కట్టలమీది శాసనములకు ఛాయాచిత్రములు తీసి, ముసలివారి పాటలను ధ్వనిముద్రణ చేసి, మా యింటి లినక్సు కంప్యూటరులో చేర్చియుంటిమి. ఆ పాటలలో ఒక వృద్ధురాలు పాడిన తిరుగలి పాటలు పదునేడు. ఒక మే నెల మధ్యాహ్నము కరెంటు పోయినది, వచ్చినది, మఱల పోయినది. మూడవ మాఱు యంత్రము తెఱచునప్పటికి డిస్కు టక్కుటక్కుమని కొట్టుకొని మూగవోయినది. మేము కంగారు పడలేదు. రెండు వేల గిగాబైట్లు పట్టునని చీటీ అంటించిన పెన్ డ్రైవు నొకదానిని, ధర చవుక యని సంతోషించి, బజారులో కొని అన్నియు దానిలోనికి వ్రాసియుంటిమి గదా! దానిని తగిలించి చూచితిమి. ఫైళ్ళ పేర్లన్నియు నున్నవి. మొదటివి కొన్ని తెఱచుకొన్నవి. తక్కినవాటిలో పేరే గాని పదార్థము లేదు. పరీక్షింపగా దానిలోని నిజమైన చోటు 32 గిగాబైట్లని తేలినది. ఆ పైన వ్రాసినదంతయు నీటిమీది వ్రాత. వృద్ధురాలు అంతకు రెండు నెలల ముందే కాలము చేసియుండెను. ఆమె కుమార్తె వచ్చి, అమ్మ పాట ఒక్కమాఱు వినిపింపుడని యడిగినపుడు మేము చెప్పిన మాటలను ఇచ్చట వ్రాయుటకు మనసొప్పకున్నది.

నకలు విలువ మన నేలకు కొత్తగా నేర్పవలసినది కాదు. వేమన సమాధి కదిరి సమీపమున కటారుపల్లెయందున్నది. ఆయన స్వహస్తముతో వ్రాసిన ప్రతి మనకు చిక్కలేదు. చిక్కినవన్నియు నకళ్ళకు నకళ్ళే. కడపయందు ఉద్యోగము చేసిన చార్లెసు ఫిలిప్పు బ్రౌను ఊరూరినుండి తాళపత్రములు తెప్పించి, పండితులకు జీతములిచ్చి, ప్రతులను ఒకదానితో నొకటి సరిపోల్చి, 1829లో ఆ పద్యములను అచ్చొత్తించెను. ఒక యూరి తాటాకును చెదలు తిన్నను మఱియొక యూరి తాటాకు మిగిలినందున గదా ఆ పని సాధ్యమైనది! తాళ్ళపాకవారు వేఱు త్రోవ త్రొక్కిరి. అన్నమాచార్యుల (1408-1503) సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమల యాలయమున ఒక అఱయందు భద్రపఱచిరి. ముప్పదిరెండు వేలని ప్రతీతిగల ఆ పాటలలో పదునాలుగు వేలకు లోపుగానే నేడు దొరకుచున్నవి. దొరకినవైనను ఆ రాగి పుణ్యముననే దొరకినవి. తాటాకునకు ఆయువు తక్కువ, నకళ్ళెక్కువ. రాగికి నకళ్ళు తక్కువ, ఆయువెక్కువ. రెండును వివేకములే. మనము మాత్రము రెండిటిని విడిచి, ఆయువు తక్కువైన వస్తువుమీద ఒక్క నకలు వ్రాసికొని సుఖముగా నిద్రించుచున్నాము.

లినక్సు వాడువారికి ఈ మాట మఱింత గట్టిగా చెప్పవలసియున్నది. వారిని మేము గౌరవింతుము. 1983లో రిచర్డు స్టాల్మను స్వేచ్ఛా సాఫ్టువేరు కొఱకు గ్నూ యుద్యమము నారంభించెను; 1991లో ఫిన్లెండు దేశపు విద్యార్థి లైనసు టోర్వాల్డ్సు తన కెర్నెలును లోకమునకు పంచిపెట్టెను. మన దేశమున 2007లో సీ-డాక్ సంస్థ ‘బాస్’ అను పేర దాని నొక రూపమును విడుదల చేసినది. తెలుగువారిలో ‘స్వేచ్ఛ’ సంస్థవారు దానిని మన భాషలోనికి తెచ్చుటకు పాటుపడిరి. పరాయి కంపెనీ తాళపుచెవికి తల యొగ్గక తన యంత్రమునకు తానే యజమానుడగుట స్వరాజ్యమునందు ఒక భాగమే. కాని యజమానునికి బాధ్యత లేదా? ‘లినక్సునకు వైరసులు రావు, మాకు భయము లేదు’ అని మా మిత్రులు కొందఱు మీసము దువ్వుచుందురు. డిస్కు చెడుటకు వైరసెందుకు? దొంగకు వైరసెందుకు? పైకప్పు కారుటకు వైరసెందుకు? పైగా మన లినక్సు యజమానుని మాటను తు.చ. తప్పక పాలించు నౌకరు. ‘ఆర్.ఎం.’ అను రెండక్షరముల యాజ్ఞను పొరపాటున తప్పుచోట వ్రాసితిమా, ఎందుకని యడుగదు, చెరిపివేయును.

పెద్దవారు ఈ గోతిలో పడలేదా? 1998లో అమెరికాయందు పిక్సారు సంస్థవారు ‘టాయ్ స్టోరీ 2’ చిత్రమును తయారు చేయుచుండగా ఎవరో యీ యాజ్ఞయే యిచ్చిరి. చూచుచుండగానే చిత్రములోని బొమ్మలు మాయమైనవి. నకళ్ళు తెఱచిరి, అవి కొన్నాళ్ళుగా సరిగా వ్రాయబడుటయే లేదని అప్పుడు తెలిసినది. చిత్రమును కాపాడినది ఏమి? గేలిన్ సస్మన్ అను నుద్యోగిని, పసిబిడ్డ తల్లియై యింటినుండి పని చేయుచు, తన గృహమునందుంచుకొన్న యంత్రములోని నకలు. దానిని దుప్పట్లలో చుట్టి కారులో మెల్లగా తెచ్చిరట. అంత సంస్థకు దిక్కైనది వేఱొక కప్పు క్రిందనున్న ఇంటి కంప్యూటరు.

ఇక ఏ వస్తువుమీద నకలు తీయవలెను? ఈ విషయమున బజారు చెప్పు మాటలకును మన యెండలకును పొత్తు కుదరదు. పెన్ డ్రైవు సంగతి ముందు చూతము. దానిలో తిరుగునది లేదు, విఱుగునది లేదు, కావున చిరంజీవి యని జనులు నమ్ముచున్నారు. దానిలో మన వ్రాత యంతయు అతిసూక్ష్మమైన గదులలో బంధింపబడిన విద్యుదావేశము. ఆ గదులనుండి ఆవేశము కాలక్రమమున మెల్లమెల్లగా కారిపోవును. వేడి హెచ్చినకొలది త్వరగా కారును. ఇదే జాతికి చెందిన ఎస్.ఎస్.డి.లకు జెడెక్ అను ప్రమాణసంఘము నిర్ణయించిన దేమనగా: గృహోపయోగపు ఎస్.ఎస్.డి. తనకు విధించిన వ్రాతల సంఖ్యను పూర్తి చేసిన పిమ్మట, కరెంటు లేకుండ, 30 డిగ్రీల వేడిమియందు ఒక్క సంవత్సరము వ్రాతను నిలుపవలెను. ముప్పది డిగ్రీలు! మన బీరువాలు వేసవియందు ముప్పదివద్ద నుండునా? నలువది దాటిన యెండలో రేకుల కప్పు క్రింది గది సంగతి మనకు తెలియనిదా? కొత్త వస్తువు అంతకంటె చాలకాలము నిలుచు మాట నిజమే. కాని పేరుమోసిన ఎస్.ఎస్.డి.కే ఆ హద్దు విధించినపుడు, ఎవరు చేసిరో తెలియని పెన్ డ్రైవును బీరువాలో వేసి అయిదేండ్లకు తెఱచి చూతమనుట ఏమి ధైర్యము?

దీనికి తోడు మోసము. మాకు జరిగిన మోసము వింత గాదు, లోకమంతట నున్నదే. దాని మెదడువంటి చిన్న చిప్పునకు అబద్ధము నేర్పి, లేని చోటును ఉన్నదని చెప్పింతురు. లినక్సువారికి దీనికి విరుగుడు చేతిలోనే యున్నది. ‘ఎఫ్3’ అను నుచిత సాధనము పెన్ డ్రైవును అంచువఱకు నింపి, మఱల చదివి, నిజమైన చోటెంతయో తేల్చిచెప్పును. కొన్ననాడే, అంగడివాడు రసీదును మఱవకముందే, ఆ పరీక్ష చేయవలెను. పెన్ డ్రైవును మేము వెలివేయుట లేదు. ఈ యింటినుండి ఆ యింటికి ఉత్తరము మోయు బంట్రోతుగా దానిని వాడుకొనవచ్చును. కోశాగారపు తాళములు మాత్రము బంట్రోతు చేతికి ఈయరాదు.

పైకి తగిలించు ఎస్.ఎస్.డి. ఉత్తమజాతి వస్తువే. వేగమెక్కువ, క్రింద పడినను త్వరగా చెడదు. నిత్యము ప్రయాణము చేయువాడు, వారమువారము దానిని తగిలించువాడు కొనవచ్చును. చోటునకు చోటు లెక్కించి చూచినచో తిరుగుడు డిస్కు ధరకంటె దాని ధర చాల హెచ్చు. బీరువాలో మఱచిపోవుటకు అది తగదు. కెమెరాల మెమరీ కార్డు గోరంత. చీపురుపుల్లతో ఊడ్చివేయబడు వస్తువును నకలనుట పరిహాసము. డీవీడీ రేకులలో 4.7 గిగాబైట్లు మాత్రమే పట్టును. దస్తావేజులు, పట్టములు మొదలగు చిన్న పత్రములకు మూడవ నకలుగా పనికివచ్చును గాని, వాటిని చదువు పెట్టెలే నేటి కంప్యూటర్లలో కనుపించుట లేదు. అయస్కాంతపు టేపు దీర్ఘాయువు. దాని యంత్రపు ధర గృహస్థుని నడ్డి విఱుచును.

‘ఇన్ని చిక్కులేల? అన్నియు క్లౌడులో నున్నవి’ అను మహాశయులు కలరు. ఫోనులోని చిత్రములు తమంత తామే యెచ్చటికో పోవుచున్నవని వారికి నిశ్చింత. ఎచ్చటికి? ఎవరి యింటికి? ఏ యొడంబడికపై? నేడు ఉచితము, రేపు కిరాయి, ఎల్లుండి సంకేతపదము మఱచితిరా, గుమ్మములో నిలుచుండి మొఱపెట్టుకొనుటకైనను మనిషి కనబడడు. మఱియొక ముఖ్యసంగతి: ఇచ్చట చెరిపినది అచ్చటను చెరిగిపోవునట్లు కుదిర్చిన యేర్పాటు నకలు గాదు, అద్దము. ముఖమునకు గాయమైన అద్దములోను గాయమే కనబడును. క్లౌడు వారి యిండ్లు అగ్నికి అతీతములా? 2025 సెప్టెంబరు 26వ తేదీన దక్షిణ కొరియాలోని డేజాన్ నగరమున ప్రభుత్వపు సమాచార కేంద్రమునకు నిప్పంటుకొన్నది. ప్రభుత్వోద్యోగులు తమ పత్రములు దాచుకొను ‘జీ-డ్రైవు’ అను భాండారము, 858 టెరాబైట్లు, బూడిదయైనది. మితిమీరిన పరిమాణమని చెప్పి దానికి వేఱొకచోట నకలుంచలేదట! విద్యుద్యంత్రములయందు లోకమునకే గురువులనదగిన దేశమది. క్లౌడును వాడవద్దని మేము చెప్పుట లేదు. మన చేతిలో నకలున్న పిమ్మట అదియు నొకటి యుండనిండు. కాని పల్లెటూరి తంతిపై వీడియోలన్నియు పైకెక్కించుటకు ఎన్ని రాత్రులు పట్టునో యెక్కించి చూచినవారే చెప్పవలెను.

కావున గృహస్థునకు మా సలహా పాతకాలపుదే. తిరుగుడు హార్డు డిస్కులు, పైకి తగిలించునవి, రెండు. ఒకటి కాదు, రెండు. పీటర్ క్రో అను అమెరికా ఛాయాచిత్రకారుడు ప్రచారము చేసిన సూత్రమొకటి కలదు: మొత్తము మూడు ప్రతులు, రెండు విధములైన వస్తువులపై, ఒకటి వేఱొక చోట. ఇంటి కంప్యూటరులోని ప్రతి మొదటిది. రెండు డిస్కులు తక్కిన రెండు. కంప్యూటరులో ఎస్.ఎస్.డి. యున్నచో వస్తుభేదము తనంత తానే కుదిరినది. రెండు డిస్కులను ఒకే దినమున, ఒకే పెట్టెలోనుండి కొనరాదు. ఒకే కార్ఖానాలో ఒకే వారమున పుట్టినవాటి లోపములు ఒకే వారమున బయటపడవచ్చును. రెండు వేఱు కంపెనీలవి, కొన్ని నెలల యెడముతో కొనుట మేలు. మన సొత్తెంత యున్నదో దానికి రెండింతల చోటుండవలెను. వ్రాతలో వేగము తక్కువని వీటిని ఎగతాళి చేయువారున్నారు. రాత్రి భోజనమునకు ముందు తగిలించి, పండుకొనుటకు ముందు తీయువానికి ఆ వేగము చాలదా?

మన కరెంటును దృష్టియందుంచుకొని డిస్కును ఎన్నుకొనవలెను. మూడున్నర అంగుళముల పెద్ద డిస్కునకు గోడనుండి వేఱు కరెంటు కావలెను. అది మధ్యలో పోయిన వ్రాత మధ్యలో తెగును. రెండున్నర అంగుళముల చిన్న డిస్కు ఒక్క యు.ఎస్.బి. తీగతోనే పని చేయును. ల్యాపుటాపునకు తగిలించితిమా, దాని బ్యాటరీయే రక్ష. బల్లపైనుంచు కంప్యూటరున్నవారు యు.పి.ఎస్. లేక నకలు తీయరాదు. యు.ఎస్.బి. 3 రంధ్రము 900 మిల్లీయాంపియర్ల కరెంటునిచ్చును. పాత రంధ్రము 500 మాత్రమే. డిస్కు తిరుగబోయి తిరుగలేక టక్కుటక్కుమన్నచో ముందు రంధ్రమును, తీగను మార్చి చూడుడు, అంగడివానిని తిట్టుటకు ముందు. తిరుగుచుండగా దానిని కదల్పరాదు. పని ముగిసినంతనే లాగివేయరాదు. లినక్సు కొంత వ్రాతను తన జ్ఞాపకమందే యుంచుకొని తీరికగా వ్రాయును. ‘అన్‌మౌంటు’ చేసి, అది సరేయన్న పిమ్మట తీగ తీయవలెను. ఈ యొక్క తొందరపాటువలన చెడిన నకళ్ళకు లెక్క లేదు.

డిస్కులో వ్రాతపద్ధతి ఏది యుండవలెనను చర్చ లినక్సువారిలో పెద్ద వ్యాజ్యము. అంగడినుండి వచ్చిన డిస్కు సాధారణముగా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతియందుండును. 2019లో మైక్రోసాఫ్టువారు దాని నిర్దేశములను బయలుపఱచినందున లినక్సు దానిని చక్కగా చదువును, వ్రాయును. ఐనను లినక్సు ఫైలునకు యజమాని యెవరు, చదువుటకు ఎవరికి హక్కు, అను సంగతులను అది దాచుకొనదు. పాత ఫ్యాట్32 అంతకంటె హీనము. 4 గిగాబైట్లకు మించిన ఫైలును అసలే పట్టదు, పెండ్లి వీడియో సగములో నిలిచిపోవును. నకలు డిస్కునకు లినక్సువారి స్వంత పద్ధతియైన ఎక్స్‌ట్4 యే తగినది. 2008నుండి లోకమంతట వాడుకలో నలిగినది. ‘విండోసు వాడు మా అల్లునికి అది కనబడదే’ యని యొక మిత్రుడు వాపోయెను. అల్లునికి కావలసిన చిత్రములను పెన్ డ్రైవులో వేసి పంపవలెను. ఇంటి పునాదిని అల్లుని సౌకర్యమునకై మార్చుదురా?

నకలు తీయుటకు డబ్బు పెట్టి కొనవలసిన సాధనము లేదు. 1996లో ఆస్ట్రేలియావారైన ఆండ్రూ ట్రిడ్జెలు, పాల్ మెకెరాసు రచించిన ‘ఆర్‌సింక్’ నేటికిని అగ్రగణ్యము. మాఱిన భాగమునే వ్రాయును, మాఱనిదానిని ముట్టదు. దానిలో ‘డిలీట్’ అను నొక యాజ్ఞ కలదు. మూలములో లేనిదానిని నకలులోను చెరిపివేయును. ఆలోచింపక దానిని వాడువాడు మఱల అద్దమునే తయారు చేసికొనుచున్నాడు. దాని బదులు తేదీవారీగా నకళ్ళుంచి, మాఱని ఫైళ్ళకు లంకె మాత్రము వేయు పద్ధతి దానియందే యున్నది. ఎక్స్‌ట్4 కావలెననుటకు ఇదియు నొక కారణము, ఎక్స్‌ఫ్యాట్‌లో ఆ లంకెలు పడవు. గత మాసపు నకలు వేఱు, ఈ మాసపు నకలు వేఱు. చోటు మాత్రము రెండింతలు పట్టదు. ఆజ్ఞలు వ్రాయుటకు జంకువారికి ‘దేజాదూప్’ వంటి బొమ్మల సాధనములు కలవు. ఇచ్చట నొక హెచ్చరిక. ‘టైమ్‌షిఫ్టు’ను నడిపి, మా సొత్తు భద్రమని నమ్మిన లినక్సువారు మన పట్టణములలో పెక్కురు కలరు. అది యంత్రపు వ్యవస్థను కాపాడుటకై పుట్టినది. మీరు మార్చి చెప్పిననే గాని మీ స్వంత ఫైళ్ళుండు ‘హోమ్’ను ముట్టుకొనదు. పందిరి మిగిలి పెండ్లికూతురు పోయినట్లగును.

రెండవ డిస్కు ఇంటిలో నుండరాదు. ఒకే బీరువాలో రెండు డిస్కులు పెట్టుట, రెండు విత్తనపు సంచులను ఒకే పాకలో పెట్టుటతో సమానము. బంధువుల యింట, మఱియొక యూర నుంచుడు. పల్లెలోని అన్నగారి యిల్లైనను, బెంగుళూరులోని కొడుకు గదియైనను సరియే. ‘పరుల యింట మా దస్తావేజులా?’ అను శంక న్యాయమైనదే. ‘లక్స్’ అను గుప్తలేఖన పద్ధతితో డిస్కునకు తాళము వేయుడు. సంకేతపదము లేనిదే బ్రహ్మదేవుడును చదువలేడు. ఆ మాట మీకును వర్తించును! సంకేతపదమును కాగితముపై వ్రాసి, దస్తావేజులున్న కవరులో పెట్టి, ఇంటి యిల్లాలికి చెప్పియుంచుడు. కంప్యూటరు సంగతులు ఆడువారికేలయను మగవారు మనలో నింకను కలరు. యజమాని యాసుపత్రిలో నుండగా భీమా పత్రము కొఱకు వెదకునది ఆమెయే గదా?

ఇంత చేసియు ఒక పని చేయనిచో అంతయు వ్యర్థము. తాళ్ళపాకవారి రాగిరేకులు చెడలేదు. కాని ఇరువదవ శతాబ్దమున వాటిని వెలికి తీసి అచ్చువేయువఱకు, ఆ పాటలలో నధికభాగము లోకము చెవిని పడక అఱయందే యుండెను. తెఱచి చూడని నకలు ఉన్నదో లేదో ఎవరికెఱుక? మూడు మాసముల కొకమాఱు డిస్కును తగిలించి, పాత ఫైళ్ళు పది యెన్నుకొని, వేఱొక చోటికి తీసి, తెఱచి, చదివి, విని చూడవలెను. తిరుగుడు డిస్కులకు ఏండ్లతరబడి కదలిక లేకున్న కీళ్ళు పట్టును గనుక ఆ వ్యాయామము వాటికిని మంచిదే. మేము ఆ పెన్ డ్రైవులోని పదునేడు పాటలలో ఒక్కదానినైనను ఒక్కనాడైనను తెఱచి వినియుంటిమేని, ఆ యవ్వ బ్రదికియుండగానే మరల పాడించుకొనగలిగియుందుము.

ఇంతవఱకు గృహస్థుని సంగతి. పఠనమందిరములవారిని గూడ ఒక మాట యడుగవలసియున్నది. అనంతపురమునందే 1926లో పప్పూరు రామాచార్యులుగారు స్థాపించిన ‘సాధన’ పత్రిక పాత సంచికలు ఎన్ని యిండ్లలో చెక్కుచెదరక యున్నవి? ఊరి చరిత్రలు, వీథినాటకపు వ్రాతప్రతులు, సభల ఛాయాచిత్రములు ఔత్సాహికులు ఫోనులతో తీసికొని ఎవరి యంత్రములో వారుంచుకొనుచున్నారు. ఒకని డిస్కు చెడిన ఊరి జ్ఞాపకమున కొక మూల కాలినట్లే. ఒక్కొక్క పఠనమందిరము రెండు డిస్కులు, ఒక పాత లినక్సు కంప్యూటరు పెట్టుకొని, ఊరివారు తెచ్చు దానికి ఉచితముగా నకలు తీసి, ఒక డిస్కును మఱియొక యూరి పఠనమందిరమునకు పంపిన ఎంత ఖర్చగును? ఉగాది సభలకు తోరణములకును పూలదండలకును పెట్టు వ్యయము కంటె అది మించునా? కార్యదర్శులు లెక్క వేసి చూచి, ఈ పత్రికకు వ్రాయుదురుగాక. ప్రకటింతుము.

మా సంగతి యడుగువారికి: మొదటి డిస్కు మా బల్లసొరుగులో నున్నది. రెండవది కదిరియందు మా మేనల్లుని యింట, గుడ్డలో చుట్టబడి, గోధుమల డబ్బా ప్రక్కన నున్నది. ప్రతి అమావాస్య మఱునాడు ఒకటి పోవును, ఒకటి వచ్చును. శాసనముల చిత్రములను మఱల తీయుటకు పోవుచున్నాము. రెండు చెఱువుల కట్టలు తెగి, రాళ్ళు తొలగింపబడినవని మొన్న తెలిసినది.